కిలాంబోకి దారి తెలిసిన మనిషి

పదకొండో భాగం

పోయిన వారం మనం వుమిలియాని అన్నం బల్ల దగ్గర వదిలి వచ్చాం. ఇరింగా ఊళ్ళో రెండు గదుల సఫారీ ఆఫీసు నడుపుకుంటున్న ఆమె దగ్గరికి సికుజువా అనే రిటైరైన మంత్రసాని వచ్చింది. తమ ఇంటి ఆడవాళ్ళు తొమ్మిదిమందికి లుక్వాంబే పార్కులో మూడు రోజుల యాత్ర కావాలంది. మొదటి రెండు రోజులూ నీ ఇష్టం, మూడో రోజు మాత్రం మమ్మల్ని కిలాంబోకి తీసుకెళ్ళాలని పట్టుబట్టింది. పార్కు పటమంతా వెతికినా ఆ పేరుతో ఏ చోటూ లేదు. ముప్ఫై రెండేళ్ళు అక్కడే రేంజరుగా పనిచేసిన తండ్రి గెర్వాసికి తెలియని గుట్ట ఉండదు కదా అని వుమిలియా ఆ పేరు ఆయన ముందు ఎత్తింది. ఆయన తుంచిన మొక్కజొన్న ఉగాలి ముద్దని పళ్ళెంలోనే వదిలేసి, చెయ్యి కడుక్కుని, వెంట వచ్చే కుక్కనైనా పిలవకుండా బయటికి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఐదు రోజులు ఆ ఇంట్లో కిలాంబో మాట లేదు. గెర్వాసి మామూలుగానే ఉన్నాడు. మామూలుగా ఉండడానికి చాలా కష్టపడ్డాడు అనడం సబబు. బఠాణీ తీగలకి కర్రలు పాతాడు. కిర్రుమనే వంటింటి తలుపుకి నూనె పట్టించాడు. బాగానే పాడుతున్న రేడియోని విప్పి మళ్ళీ బిగించాడు. వుమిలియా నోరు తెరవబోయినప్పుడల్లా ఆయన చేతికి ఏదో ఒక పని దొరికేది. తండ్రి మౌనం ఆమెకి కొత్త కాదు. నెలకి నాలుగు రోజులు సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు కూడా, చెట్టు మీద పిట్టని చూపించడానికి తప్ప ఆయన పెద్దగా మాట్లాడేవాడు కాదు. కాని ఆ మౌనం వేరు, ఇది వేరు. అది నిండుకుండ. ఇది మూత బిగించిన కుండ.

శనివారం ఉదయం జూలై గాలి చెవులు కోస్తోంది. వెనక వరండాలో ఎండ పడే మూల చూసుకుని, వుమిలియా బల్ల మీద పార్కు పటం పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు టీ కప్పులు పెట్టి, డ్రైవరు చెస్కోతో ఫోన్లో మాట్లాడుతోంది.

"మొదటి రోజు పదింటికల్లా గేటు దాటాలి చెస్కో. అక్కణ్ణించి నేరుగా నీటిగుర్రాల మడుగు. భోజనం అక్కడే, ఒడ్డు మీద."

"భోజనం సంగతి సరే అక్కా. తొమ్మిదిమంది ముసలమ్మలు. గంటకోసారి బండి ఆపమంటారు. పొద చాటుకి వెళ్ళమందామంటే, పొద వెనక ముందే ఎవరు పడుకుని ఉంటారో!"

"అందుకే మరుగుదొడ్లున్న దారే రాశాను. దగ్గర దారులంటూ నీ తెలివి చూపించకు."

"మరి సింహం?"

"రెండో రోజు పొద్దున్నే ఇసుకవాగు వైపు తిప్పు. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఎవరికీ మాటివ్వకు."

"ఇవ్వనులే. నీ దగ్గర చేరిన రోజు మొదట చెప్పిన ముక్క అదేగా. ఇంతకీ మూడో రోజు ఎక్కడికి?"

వుమిలియా తోట వైపు చూసింది. బఠాణీ మళ్ళలో వంగి ఉన్న తండ్రి వీపు కనిపించింది.

"ఇంకా తేలలేదు" అని ఫోను పెట్టేసింది.

సరిగ్గా అప్పుడే ఇంటి పక్క సందులోంచి "హోదీ!" అని గట్టిగా పిలుపు వినిపించింది.

"కరిబూ! లోపలికి రండి" అంటూ లేచింది వుమిలియా.

వచ్చింది సికుజువా. అరవై ఆరేళ్ళ పొడగరి మనిషి. ఒంటికి చుట్టిన పూల కాంగా మీద మగవాళ్ళ ఊలు కోటు తొడుక్కుని, చంకలో పెద్ద సంచీ ఇరికించుకుని, ఎవరి ఇంట్లోనైనా సరే నేరుగా పురిటిగదిలోకి నడిచి వెళ్ళే అలవాటున్న మంత్రసానిలా వచ్చి కుర్చీ లాక్కుని కూచుంది.

"షికమో, బీబీ" అని పెద్దావిడకి మర్యాదగా నమస్కారం చెప్పింది వుమిలియా.

"మరహబా తల్లీ, మరహబా. ఆఫీసుకి వెళ్ళాను, తాళం ఉంది. పక్క కొట్టతను ఇల్లు చెప్పాడు."

"శనివారం ఆఫీసు ఉండదు బీబీ."

"తెలుసు. తెలిసే వచ్చాను" అంటూ ఆవిడ సంచీలోంచి బట్ట తీసి బల్ల మీద పరిచింది. ముదురు నీలం మీద తెల్ల కొంగలు. "చూడు, తొమ్మిదిమందికీ ఒకే తానులో కుట్టిస్తున్నాం. మా అక్క సబీనా ఎంచింది. కళ్ళు సగం పోయినా రంగు మాత్రం తనే ఎంచాలి."

వుమిలియా నొసలు ముడివేసింది. "నీలం వద్దు బీబీ. అక్కడ త్సెత్సీ ఈగలకి నీలం అన్నా నలుపు అన్నా ప్రాణం. మందపాటి గుడ్డలోంచి కూడా సూదితో పొడిచినట్టు కుడతాయి. తొమ్మిదిమంది ఈ బట్టలు కట్టుకుని బండెక్కారంటే వాటికి పెళ్ళి భోజనమే."

సికుజువా మనసారా నవ్వింది. "ఆ ఈగల మధ్య పుట్టినదాన్ని, నాకు చెప్తున్నావా? అక్కకి అదే చెప్పాను. వింటేగా! 'నా ఊరికి నేను పోతూ ఈగలకి భయపడి దుమ్ము రంగు కట్టుకోనా' అంది. పేరుకి నేనేగాని సికుజువాని, తెలియనిదాన్ని. నేను కడుపున పడ్డ సంగతి ఆర్నెల్ల దాకా మా అమ్మకి తెలియలేదట, అందుకని ఆ పేరు పెట్టింది. నిజానికి మా ఇంట్లో ఏం చెప్పినా తెలియనిది మా అక్కకే."

వుమిలియా కూడా నవ్వింది. నెల రోజులుగా ఈవిడతో మాట్లాడుతుంటే పని చేస్తున్నట్టే ఉండేది కాదు. గేటు వేళలు, గదులు, మందులు, ఎవరు ఎవరి పక్కన పడుకుంటే గురక గొడవ ఉండదు, ఇలా ప్రతిదీ ఇద్దరూ కలిసి తేల్చుకున్నారు. తన ఓపికని, తన పని తీరుని ఇంతగా మెచ్చుకున్న మనిషి ఈ మధ్య ఎవరూ తగల్లేదు.

తోటలోంచి గెర్వాసి బఠాణీ కాయల బుట్ట పట్టుకుని వరండా మెట్ల దాకా వచ్చి ఆగిపోయాడు.

సికుజువా నవ్వు ఆగింది. ఆవిడ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. తనకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దవాడు ఎదురైతే షికమో అనకుండా ఉండడం అక్కడ పసిపిల్లలు కూడా చెయ్యరు. 'మీ పాదాలు పట్టుకుంటున్నాను' అని ఆ మాటకి అర్థం. సికుజువా ఆ మాట అనలేదు. కుర్చీలోంచి లేవలేదు.

వుమిలియాకి ఇబ్బందిగా అనిపించి, "నాన్నా, నేను చెప్పానే, బీబీ సికుజువా, ఈవిడే" అంది తొందరగా.

"ఆయన నన్ను గుర్తుపట్టలేడులే పిల్లా" అంది సికుజువా. "అప్పుడు నాకు పదిహేనేళ్ళు. నేను మాత్రం పట్టాను. ముఖం చూసి కాదు. రెండేళ్ళ కిందట రేడియోలో మాట్లాడాడు మీ నాన్న. మొక్కజొన్న చేలల్లోకి ఏనుగులు రాకుండా మిరపకాయల తాడు ఎలా కట్టాలో చెప్పాడు. మంచి సలహాలే. నేను కూరగాయలు తరుగుతున్నాను. ఆ గొంతు వినగానే కత్తి పక్కన పెట్టేశాను. యాభై ఏళ్ళుగా నా చెవిలో ఉన్న గొంతు అది."

గెర్వాసి బుట్టని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఈ ఊళ్ళో సఫారీ ఆఫీసులు డజనున్నాయి. మా ఇంటి వెనకే రెండున్నాయి. బస్టాండు దాటుకుని, గుట్టెక్కి నీ దగ్గరికే ఎందుకు వచ్చాననుకున్నావు వుమిలియా?"

వుమిలియా ముఖాన ఎవరో చన్నీళ్ళు కొట్టినట్టయింది. బల్ల మీది నీలం బట్టని మడత పెట్టసాగింది.

"దాన్నెందుకు ఇందులోకి లాగుతారు?" అన్నాడు గెర్వాసి. ఐదు రోజుల్లో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి పనికొచ్చే మాట అది.

"దాన్ని లాగడానికి రాలేదు. నీ కోసం వచ్చాను. పైకొచ్చి కూచో రేంజరూ. నిలబడి వినే సంగతి కాదిది."

ఆయన మెట్లెక్కి వచ్చి కూతురి పక్క కుర్చీలో కూచున్నాడు. చేతులు అలవాటుగా బుట్టలోకి వెళ్ళి ఒక కాయని పట్టుకున్నాయి. సికుజువా చెయ్యి చాచి బుట్టని తన ఒళ్ళోకి లాక్కుంది.

"నేను ఒలుస్తాను. నువ్వు విను."

మొదటి కాయని చీలుస్తూ ఆవిడ వుమిలియా వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది.

"ఇలాంటి చలిపొద్దే. పార్కులో ఊరుండకూడదని పైవాళ్ళు తేల్చారట, మా కిలాంబోకి మూడు లారీలు వచ్చాయి. పదిమంది రేంజర్లు. అందులో మా భాష వచ్చినవాడు ఒక్కడే, మీ నాన్న. మీసం కూడా సరిగా మొలవలేదు. ఇంటింటికీ వచ్చాడు. మా గుమ్మంలోకి వచ్చి మా అమ్మకి వంగి దణ్ణం పెట్టి మరీ చెప్పాడు. 'మూడు రోజులే అమ్మా. కొత్త ఊళ్ళో అందరి పేర్లూ రాసుకుంటారు, మళ్ళీ తీసుకొచ్చి దింపుతాం. గాదెలో జొన్నలు గాదెలోనే ఉంచండి. కోళ్ళకి మేం గింజలు వేస్తాం' అని. మా అమ్మ ఏం చేసిందో తెలుసా? లారీ ఎక్కేముందు, ఉడికించిన చిలగడదుంపలు ఆకులో చుట్టి ఈయన చేతిలో పెట్టింది. పాపం కుర్రాడు, పొద్దుటినుంచీ కాళ్ళు అరిగేలా తిరుగుతున్నాడని."

ఆవిడ ఆగి గెర్వాసి వైపు తిరిగింది.

"తిన్నావా?"

ఆయన తలెత్తాడు.

"ఆ దుంపలు. తిన్నావా?"

"తిన్నాను."

సికుజువా తల ఊపింది, ఎన్నాళ్ళనుంచో రాయకుండా వదిలేసిన చోట అక్షరం పడ్డట్టు. "కొండ మలుపు తిరుగుతుంటే వెనక్కి చూశాం. పొగ. చేలు కాలుస్తున్నారేమో అంది మా అమ్మ. మా అక్క సబీనా మాత్రం, ఆ దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. కొత్త ఊళ్ళో దింపారు. మూడు రోజులూ మూటలు విప్పకుండా కూచున్నాం. మూడో రోజు పొద్దున లేచి చూస్తే మా అన్న దామాసి లేడు, వదిన లేదు. చున్యా బంగారు గనులకి పోయారని తరవాత ఎవరో అన్నారు. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ చున్యా నుంచి వచ్చే ప్రతి బస్సుకీ ఎదురెళ్ళి నిలబడింది."

ఎండ కాస్త జరిగి పటం మీద పడింది. పక్కింట్లో ఎవరో నేల ఊడుస్తున్నారు. వుమిలియా తండ్రి ముఖంలోకి చూడలేక, ఆయన మోకాళ్ళ మీద ఖాళీగా పడి ఉన్న చేతుల్ని చూసింది. గడ్డిలో చిరుత అడుగుని వేలితో తడిమి చూపించిన చేతులవి. పిట్ట గూట్లోంచి జారిపడితే అరచేతిలో పెట్టుకుని చెట్టెక్కిన చేతులవి.

"నాన్నా," అంది మెల్లగా, "నీకూ అలాగే చెప్పి ఉంటారు కదా? మూడు రోజులే అని. నీకు మాత్రం ఏం తెలుసు, కుర్రాడివి."

కూతురు అందించిన ఊతకర్ర అది. పట్టుకుంటే సరిపోయేది. పట్టుకుని ఉంటే, ఆ పూటకి ముగ్గురూ తలా కప్పు అల్లం టీ తాగి లేచేవాళ్ళేమో. గెర్వాసి పట్టుకోలేదు.

"మొదటి ఇంటి దగ్గర నాకు తెలియదు" అన్నాడు. "మా పైవాడు చెప్పమన్నదే చెప్పాను. నమ్మే చెప్పాను. రెండో ఇల్లు, మూడో ఇల్లు కూడా అంతే. నాలుగో ఇంటి దగ్గర దాహం వేసి నీళ్ళ క్యాను కోసం లారీ వెనక్కి వెళ్ళాను. టార్పాలిన్ ఎత్తితే కిరసనాయిలు డబ్బాలు. వరసగా పేర్చి ఉన్నాయి. కిలాంబోలో పద్దెనిమిది ఇళ్ళు. ఆ నాలుగో ఇంటినుంచి అన్నిటికీ తెలిసే చెప్పాను."

"మాది ఎన్నోది?"

"మీది ఆఖరిది. వాగు పక్కన, గుమ్మం ముందు చింతచెట్టు."

తలుపు బద్దలు కొట్టడానికి గొడ్డలి భుజాన వేసుకుని వచ్చినవాడికి, తలుపు తీసే ఉంటే ఎలా ఉంటుంది? సికుజువాకి అలా అయింది. రెండేళ్ళుగా ఆవిడ ఈ పొద్దు కోసం మాటలు కూడబెట్టుకుంది. ఆయన బుకాయిస్తాడనుకుంది, పై అధికారుల మీదికి తోస్తాడనుకుంది, మరిచిపోయానంటాడనుకుంది. ప్రతిదానికీ జవాబు సిద్ధం చేసుకుంది. నిజానికి మాత్రం జవాబు సిద్ధం చేసుకోలేదు. ఒళ్ళో బుట్ట పెట్టుకుని అలాగే కూచుండిపోయింది.

వుమిలియాకి తొమ్మిదేళ్ళ కిందటి రోజు జ్ఞాపకం వచ్చింది. అమ్మ పోయిన ఏడే ఆమె ఆఫీసు తెరిచింది. బోర్డు కట్టిన రోజు తండ్రి వచ్చి చూసి, ఒకే ఒక్క మాట చెప్పి వెళ్ళాడు. 'అడవి గురించి ఎవరికీ మాటివ్వకు.' తక్కినవాళ్ళు 'సింహం ఖాయం' అని అద్దాల మీద రాయించుకుంటుంటే తను మాత్రం రాయించుకోలేదు. అది అడవిని ఎరిగిన మనిషి వినయమని నలుగురికీ గర్వంగా చెప్పుకుంది. ఆ మాట ఎక్కడ పుట్టిందో ఇప్పుడు తెలిసింది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "ఇన్నేళ్ళు! ఆ పార్కు మీదే కదా నేను బతుకుతున్నది. వచ్చినవాళ్ళందరికీ మనిషి అడుగు పడని అడవి అని చెప్తున్నాను నేను. నువ్వు పక్కనే కూచుని విన్నావు కూడా."

"ఏమని చెప్పను తల్లీ? చిన్నప్పుడు నా టోపీ నెత్తిన పెట్టుకుని ఇల్లంతా కవాతు చేసేదానివి. ఎప్పుడు చెప్పాలి? ఆ టోపీ తీసి చెప్పాలా, పెట్టి చెప్పాలా?"

వుమిలియా బట్ట మడతని పక్కకి నెట్టింది. కోపం వస్తే బాగుండునని ఎదురుచూసింది. వచ్చింది గాని, ఎవరి మీద నిలబెట్టాలో తెలియక అది కాళ్ళ దగ్గరే తిరుగుతూ ఉండిపోయింది.

సికుజువా మళ్ళీ ఒక కాయ తీసింది.

"చూడు రేంజరూ, క్షమాపణ కోసం రాలేదు నేను. అది చెప్పుకుంటే నీ గుండె తేలికవుతుంది, నాకేం ఒరుగుతుంది? నాకు దారి కావాలి. పోయిన ఎండాకాలం మా అక్క కొడుకు బండి మాట్లాడుకుని వెళ్ళాడు. మేం ఆనవాలు చెప్పిన బూరుగుల్లాంటి పెద్ద బావోబాబు చెట్లు మూడూ లేవు, ఏనుగులు చీల్చి పడేశాయట. వాగు కూడా చోటు మారింది. రోజంతా తిరిగి ఊరికే వచ్చాడు. మా నాన్నా, మా తాతా ఆ మట్టిలో ఉన్నారు. వాళ్ళకి జొన్నపిండీ నీళ్ళూ పెట్టి యాభై ఏళ్ళయింది. సబీనా అక్కకి డెబ్భై తొమ్మిది. వచ్చే ఏటికి ఆ మిగిలిన సగం చూపు ఉండదు."

"పటంలో గీసిస్తాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ దిగాలో అన్నీ."

"గీత చాలదు. నువ్వు రావాలి."

గెర్వాసి కుర్చీలో కదిలాడు.

"మాతో పాటు బండిలో కూచుని రావాలి. అక్క కళ్ళకి ముఖాలు ఆనవు గాని చెవులు మాత్రం ఎలక చెవులే. ఇప్పుడు నా ముందు చెప్పావే, నాలుగో ఇల్లు, డబ్బాలు, అదంతా ఆ గొంతుతోనే దానికి చెప్పు. ఎవరో చెప్తే అది నమ్మదు. నేను చెప్పినా నమ్మదు. ఆ కుర్రాడికి ఏమీ తెలియదు, వాణ్ణి కూడా మోసం చేశారని ఇన్నేళ్ళుగా నాతో పోట్లాడుతోంది. వంగి దణ్ణం పెట్టినవాడు అబద్ధం చెప్పడట."

ఆ మాటతో ఆయన ముఖం చటుక్కున పక్కకి తిరిగింది. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న మనిషి, తనని ద్వేషించనివాళ్ళు కూడా ఒకరున్నారని తెలిశాక తట్టుకోలేకపోయాడు. తోట వైపు చూస్తూ చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు.

"వస్తాను" అన్నాడు.

ఇక ఆ తరవాత జరిగింది చూస్తే, దారిన పోయేవాళ్ళు ముగ్గురు దగ్గర చుట్టాలు పెళ్ళి పనులు మాట్లాడుకుంటున్నారనుకుంటారు. గెర్వాసి పెన్సిలు అడిగాడు. వుమిలియా ఇచ్చింది. ముగ్గురూ పటం మీదికి వంగారు.

"ఎవరు తోలుతున్నారు?"

"చెస్కో."

"వాడికి ఇసుకలో తోలడం వచ్చా?"

"టైర్లలో గాలి తగ్గించి తోలతాడు నాన్నా. నువ్వే నేర్పావు."

"సరే. ఆరింటికే క్యాంపు వదలాలి. వాగు దాటాక కుడికి. ఈ రాళ్ళగుట్ట దాకా బండి వెళ్తుంది. అక్కణ్ణించి నడకే. నా అడుగుల్లో నలభై నిమిషాలు. మీ అక్కగారి అడుగుల్లో గంటన్నర పెట్టుకోండి."

"నడకంటే వేరే అనుమతి కావాలి" అంది వుమిలియా రాసుకుంటూ. "తుపాకీ ఉన్న రేంజరు ముందొకరు, వెనకొకరు. సోమవారమే అర్జీ పెడతాను. బీబీ, సబీనాగారికి మడత కుర్చీ ఒకటి తీసుకెళ్దాం. అలిసిపోతే మనవాళ్ళు ఎత్తి మోస్తారు."

"మా అక్కనా?" అంది సికుజువా. "మోసినవాడి నడుం విరుగుతుంది. అది విరక్కపోతే దాని తిట్లకి చెవులు పోతాయి. నడుస్తుందిలే. ఆ దారిన నీళ్ళకుండ నెత్తిన పెట్టుకుని నడిచిన మనిషి."

"పదింటిలోపు తిరిగి బయల్దేరాలి" అన్నాడు గెర్వాసి. "ఎండెక్కితే అడవిదున్నలు ఆ చింతల నీడకి చేరతాయి. ఆ బట్టలు మాత్రం..." నీలం మడతని చూసి ఆగాడు. "కట్టుకోనివ్వండి. ఎండు పేడ పొగ వేసిన డబ్బా ఒకటి చేత్తో పట్టుకుంటే ఈగలు దగ్గరికి రావు. నేను తెస్తాను."

సికుజువా ఆయన్ని వింతగా చూసింది. వుమిలియా మూడో రోజు గడిలో ఒక్కొక్క మాటే నింపుతూ వచ్చింది. నెల రోజులుగా ఖాళీగా ఉన్న గడి. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి. ఆశ్చర్యం అదే. పద్దెనిమిది ఇళ్ళు తగలబెట్టించిన మనిషీ, ముసలమ్మలకి పొగడబ్బా తెస్తానంటున్న మనిషీ ఒకే పెన్సిలు పట్టుకుని పక్కన కూచున్నారు. ఇద్దర్లో ఎవర్నీ లేచి వెళ్ళమనడం ఆమె చేతిలో లేదు.

గెర్వాసి రాళ్ళగుట్టకి ఉత్తరంగా చిన్న గుండ్రం చుట్టాడు. "ఇది ఊరు." దాని పక్కన చుక్కలు పెట్టాడు. "ఇక్కడ మీ పెద్దల సమాధులు. రాళ్ళు కొన్ని జరిగాయి గాని ఉన్నాయి. గస్తీకి వెళ్ళినప్పుడల్లా చూసేవాణ్ణి."

పెన్సిలు అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేదు. వాగు గీతని దాటి అవతలి ఒడ్డుకి వెళ్ళింది. అక్కడ ఒక్క చిన్న గుర్తు పెట్టాడు.

"ఇక్కడ కూడా ఆగాలి."

"ఆ గట్టు మీద మాకెవరూ లేరు" అంది సికుజువా.

"ఉన్నారు. మీ అన్న. దామాసి."

ఆవిడ చేతిలోని కాయ జారి పటం మీద పడింది. లోపలి గింజలు ఒకటొకటిగా దొర్లుకుంటూ వెళ్ళి టీ కప్పుకి తగిలి ఆగాయి. ఎవరూ వాటిని ఏరలేదు.

"చున్యా వెళ్ళలేదు" అన్నాడు గెర్వాసి. "కాలినచోట కాపలాకి నన్ను వదిలి తక్కినవాళ్ళు వెళ్ళిపోయారు. మూడో రోజు సాయంత్రం వచ్చాడు. నేను పెట్టిన గడువు నమ్మి వచ్చాడు. ఇల్లున్న చోట నిలబడి, నా వైపు చూసి, 'కోళ్ళేవి?' అని అడిగాడు."

"నువ్వు..." సికుజువా ఆయన చేతుల్ని చూసింది. "నీ తుపాకీతో..."

"కాదు. దేవుడి తోడు, కాదు. ఎలా జరిగిందో మొత్తం చెప్తాను. ఆ గట్టు మీదే నిలబడి, మీ అక్కగారు వింటుండగా చెప్తాను. పాతిపెట్టింది మాత్రం ఈ చేతులే."

సికుజువా కళ్ళు మూసుకుంది. చున్యా బస్సుల కోసం రోడ్డు మీద నిలబడిన తల్లిని చూస్తోందో, ఇరవై ఏళ్ళ అన్నని చూస్తోందో. వుమిలియా లేచి వెళ్ళి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ ఆ చేతిని తోసెయ్యలేదు. కాసేపటికి కళ్ళు తెరిచింది. వాటిలో నీళ్ళు లేవు.

"ఒక్కడే వచ్చాడా?"

గెర్వాసి పెన్సిలుని పటం మీద పెట్టేశాడు.

"నిన్నే అడుగుతున్నాను. మా వదిన వాడి వెంటే వెళ్ళింది. పదిహేడేళ్ళ పిల్ల. మేం వాడితో పాటు చున్యాలో ఉందనుకున్నాం, ఆ పిల్ల పుట్టింటివాళ్ళు మా దగ్గరే ఉందనుకున్నారు. వాగు అవతల ఒక్క గుర్తే పెట్టావు. ఆవిణ్ణి ఎక్కడ పెట్టావు?"

గెర్వాసి కూతురి వైపు చూశాడు. ఈ ఐదు రోజుల్లో ఆయన ఆమె కళ్ళలోకి నేరుగా చూడడం అదే మొదలు. ఆ చూపులో ఏదో అడుగుతున్నాడు. ఏమడుగుతున్నాడో ఆమెకి అర్థం కాలేదు.

ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. ముందుగదిలో గోడకి కొట్టిన మేకు మీంచి ఏదో తీస్తున్న చప్పుడైంది. తిరిగి వచ్చి, చేతిలోది పటం మీద సికుజువా ముందు పెట్టాడు.

చెక్క చట్రంలో ఫొటో. వుమిలియా బడి చదువు పూర్తయిన రోజు చర్చి మెట్ల మీద తీసింది. తల్లి మరియా తెల్ల మేజోళ్ళు, అరువు తెచ్చుకున్న చెప్పులు వేసుకుని, ఎండకి కళ్ళు చికిలించి నవ్వుతోంది. ఎంబేయా అవతల ఎక్కడో తన ఊరని, తనవాళ్ళంతా ఎప్పుడో పోయారని, చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదని అడిగినప్పుడల్లా ఒకే జవాబు చెప్పిన తల్లి.

"నాన్నా, అమ్మ ఫొటో ఎందుకు?" అంది వుమిలియా.

సికుజువా కోటు జేబులో తడుముకుని కళ్ళజోడు తీసింది. కాంగా చెంగుతో అద్దాలు ఒకసారి తుడిచింది, చాలక మళ్ళీ తుడిచింది. ఫొటోని రెండు చేతులా ఎత్తి వెలుగుకి పట్టుకుని, నవ్వుతున్న ఆ ముఖాన్ని, ఎడమ కనుబొమ్మ మీది చిన్న గాటుని, వేలితో మెల్లగా తడిమింది.

"వదినా" అంది.